సీప్లేన్ ఎదురైతే పడవ ఎటు తిప్పాలి? రిజర్వాయర్‌లో బోటు నడిపేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర లేచిన సీప్లేన్ శ్రీశైలం పాతాళగంగలో వాలింది. అది ప్రయోగాత్మక ప్రయాణం. ముఖ్యమంత్రి ఎక్కిన విమానం కాబట్టి బందోబస్తు గురించి చెప్పక్కర్లేదు. రోజువారీ సర్వీసు వస్తే ఆ హడావుడి ఉండదు. విమానం, టూరిస్టు బోటు, చేపల పుట్టి అన్నీ ఒకే నీళ్లలో సర్దుకుని తిరగాలి.

అప్పట్నుంచి సంగమేశ్వరం, ముచ్చుమర్రి వైపు పడవలు నడిపేవాళ్లు, అవుకు, గండికోటల్లో టూరిస్టు బోట్ల మీద పనిచేసేవాళ్లు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఇమానం ఎదురుపడితే మేము ఆగల్నా, అది ఆగల్నా?"

ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఎవరు ఆగాలన్నది విమానం ఆ క్షణంలో ఏం చేస్తోందో, మీకు ఏ పక్కన ఉందో, గాలి ఎటు వీస్తోందో చూసి తేల్చుకోవాల్సిన సంగతి. వరుసగా చూద్దాం.

1. ముందు నియమం: రెండు వాక్యాలు, రెండూ గుర్తుండాలి

నౌకలు ఢీకొనకుండా 1972లో అంతర్జాతీయ నియమాలు రాసుకున్నారు. 1977 జులై 15 నుంచి అమల్లో ఉన్నాయి. వాటిలో 18వ నియమం సీప్లేన్ గురించి రెండే మాటలు చెబుతుంది.

మొదటిది: నీటిమీద ఉన్న సీప్లేన్ మామూలుగా అన్ని పడవలకూ బాగా ఎడంగా ఉండాలి, వాటి దారికి అడ్డం రాకూడదు.

రెండోది: ఢీకొనే ప్రమాదం ఏర్పడితే మాత్రం, మిగతా పడవలు పాటించే నియమాలే సీప్లేన్ కూడా పాటించాలి.

మొదటి మాట పడవవాళ్లందరికీ నచ్చుతుంది, అక్కడితో ఆపేస్తారు. చిక్కంతా రెండోదాన్ని మర్చిపోవడంలో ఉంది. ప్రమాదం దగ్గరపడ్డాక విమానం కూడా ఒక ఇంజన్ బోటు కిందే లెక్క. కుడి, ఎడమ నియమాలు దానికీ వర్తిస్తాయి, మీకూ వర్తిస్తాయి. దారివ్వాల్సిన వంతు మీదే కావచ్చు.

పైలట్ల కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన నియమాలూ ఇదే దారిలో ఉన్నాయి. వాలేటప్పుడు, లేచేటప్పుడు విమానం వీలైనంతవరకు పడవలకు దూరంగా ఉండాలి. ఒక్కోసారి ఎందుకు వీలుకాదో రెండో భాగంలో చెబుతాను.

అయితే అవి సముద్రానికి, సముద్రపు ఓడలు వచ్చే నీళ్లకు రాసిన నియమాలు. మన రిజర్వాయర్లలో పడవలకు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. దానితోపాటు స్థానిక అధికారుల ఆదేశాలు ఉంటాయి. కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అంటే:

- సీప్లేన్ కోసం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు ఫలానా చోటికి పడవలు రాకూడదని ఆదేశం ఉంటే, అదే ఫైనల్. "నా దారి నాది" అనడానికి లేదు.
- బోయాలు (నీటిమీద తేలే హద్దు గుర్తులు) పెట్టి హద్దు గీస్తే, ఆ హద్దు విమానం లేనప్పుడు కూడా హద్దే.
- ఇవేవీ లేనిచోట పైన చెప్పిన నియమాలే ఆధారం.

2. నీళ్లమీద విమానం తీరు తెలుసుకోండి

ఈ భాగం తొందరగా దాటేయకండి. దారి ఎవరిదో తెలిసినా, ఎదుటిది ఏం చేయగలదో తెలియకపోతే లాభం లేదు.

బ్రేకులుండవు. ఇంజన్ తిరుగుతున్నంతసేపు ప్రొపెల్లర్ లాగుతూనే ఉంటుంది. చిన్న సీప్లేన్లలో ఇంజన్ స్టార్టయిందంటే కదలిక మొదలైనట్టే. శ్రీశైలానికి వచ్చిన ట్విన్ ఆటర్ లాంటి విమానాల్లో ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి వెనక్కి తోసే ఏర్పాటుంది. జెట్టీ దగ్గర అది బాగా పనికొస్తుంది. లేవడానికి పరుగు అందుకున్నాక మాత్రం మీకోసం ఠక్కున ఆగగలదని అనుకోవద్దు.

ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. వెనకాల నిలువుగా ఉండే తోకను గాలి నెడుతుంది, దాంతో ముక్కు గాలి వచ్చే దిక్కుకు తిరుగుతుంది. విమానాన్ని నీటిమీద తేల్చే ఫ్లోట్ల వెనక చిన్న చుక్కాన్లు ఉంటాయి కానీ, గాలి గట్టిగా ఉంటే అవి చాలవు. మీ పక్కనుంచి నెమ్మదిగా పోతున్న విమానం ఒక్కసారిగా మీవైపు మళ్లితే పైలట్ కావాలని చేశాడనుకోకండి.

మూడు నడకలుంటాయి. మొదటిది నెమ్మది నడక, ఫ్లోట్లు నీళ్లలో మునిగి మామూలు పడవలా పోతుంది. రెండోది ముక్కు పైకెత్తిన నడక. నీళ్లు చిమ్ముతాయి, ఎత్తిన ముక్కు వల్ల పైలట్‌కు ఎదురుగా ఉన్నది కనిపించదు. మూడోది ఫ్లోట్లు నీటిపైన జారుతూ పోయే పరుగు. ఈ మూడింట్లో మీకు ఎక్కువ ప్రమాదం రెండోది. వేగం చూస్తే పెద్దగా అనిపించదు, "ఇంకా లేవలేదు కదా" అని ముందునుంచి దాటబోతారు. సరిగ్గా అప్పుడే పైలట్‌కు మీరు కనిపించరు.

వేగం లెక్క వేసి చూడండి. వాలే విమానం గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. సెకనుకు 30 మీటర్లు. పది సెకన్లలో 300 మీటర్లు. అదే పది సెకన్లలో గంటకు 10 కిలోమీటర్లు పోయే మీ బోటు 28 మీటర్లు కదులుతుంది. ట్విన్ ఆటర్ రెక్కల నిడివే దాదాపు 20 మీటర్లు. అంటే చివరి పది సెకన్లలో మీరు ఎంత ఆదుర్దాగా ఇంజన్ పెంచినా, రెక్కకు కాస్త అవతల పడతారంతే. తప్పుకోవాల్సింది అది ఆకాశంలో చుట్టు తిరుగుతున్నప్పుడు.

అల దానికి పడదు. మీ బోటు వెనకాల లేచే అల మీకు లెక్కలోకి రాదు. పరుగులో ఉన్న ఫ్లోటుకు అదే అల గట్టి దెబ్బ. మీరు దాటిపోయిన తర్వాత కూడా ఆ అల కాసేపు ఉంటుంది. "నేను తప్పుకున్నాను కదా" అంటే సరిపోదు, మీ అల కూడా తప్పుకోవాలి.

3. గాలి చూసి విమానం దారి ముందే పట్టుకోండి

సీప్లేన్ సాధారణంగా గాలికి ఎదురుగా వాలుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది. ఈ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. విమానం చప్పుడు వినగానే, అది కనిపించకముందే, ఏ గీత మీద వాలుతుందో మీరు అంచనా వేయవచ్చు.

గాలి ఎటునుంచి వస్తోందో ఇలా చూడండి:

- బోటు టాపు మీద సన్నని గుడ్డ ముక్క ఎప్పుడూ కట్టి ఉంచండి. బోటు పోతున్నప్పుడు అది అబద్ధం చెబుతుంది, ఇంజన్ న్యూట్రల్లో పెట్టి చూడండి.
- ఒడ్డున పొయ్యి పొగ, గుడి జెండా.
- నీటిమీద చిన్న అలల వరుస. ఆ వరుసకు అడ్డంగా గాలి వస్తుంది.
- లంగరు వేసి వదిలేసిన పడవ ముక్కు. నీటి లాగుడు లేనిచోట అది గాలివైపే చూస్తుంది.

మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి జోరు. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి మెల్లగా వీస్తుంది. కానీ నల్లమల కొండల మధ్య, గండికోట లాంటి లోయ దగ్గర, గాలి కొండ మలుపును బట్టి తిరుగుతుంది. ఒడ్డున ఒక దిక్కు, నీళ్ల నడిమధ్య ఇంకో దిక్కు ఉండటం మామూలే. నడిమధ్య చూసిందే లెక్క.

గాలి అసలు లేని రోజున ఇంకో సంగతి. నీళ్లు అద్దంలా నిలిచిపోతే పైలట్‌కు నీటిమట్టం ఎంత కిందుందో అంచనా అందదు. అందుకే అలాంటప్పుడు చాలా పొడవుగా, నెమ్మదిగా దిగుతూ వస్తాడు. ఒడ్డు పక్కగానూ రావచ్చు, ఒడ్డును చూసి ఎత్తు తెలుసుకోవడానికి. అందువల్ల నిశ్చలమైన రోజున "ఒడ్డు పక్కన సేఫ్" అనుకోకండి.

నీటిమట్టం కూడా చూసుకోవాలి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. నిండినప్పుడు నీళ్లు విశాలం, విమానానికి, మీకు ఎవరి చోటు వాళ్లకుంటుంది. ఎండాకాలం మట్టం దిగి సంగమేశ్వరం గుడి బయటపడే రోజులకు మొద్దులు, రాళ్లు, గుట్టల తలలు నీటి పైకి వస్తాయి. అప్పుడు లోతున్న చోటు పాత నది పాయ ఒక్కటే. పడవలదీ అదే దారి, విమానం వస్తే దానికీ అదే. ఎదురుపడే అవకాశం ఎక్కువయ్యేది వరద రోజుల్లో అనుకుంటారు, నా ఉద్దేశంలో వేసవిలోనే.

4. రేవు వదిలేముందు

- ఈరోజు సీప్లేన్ ఉందా? ఎన్నింటికి? జెట్టీ ఇన్‌ఛార్జిని అడగండి. అతని ఫోన్ నంబరు మీ సెల్లులోనే కాదు, బోటు లోపల పెయింటుతో రాసి ఉండాలి.
- లైఫ్ జాకెట్లు తొడిగించారా? పక్కన పెట్టుకుంటే లెక్కలోకి రాదు.
- హారన్ మోగుతోందా? ఒకసారి కొట్టి చూడండి.
- పైనుంచి కనిపించే రంగు ఉందా? తారు పూసిన నల్ల పుట్టి నల్లటి నీళ్లలో ఆకాశం నుంచి కనిపించదు. నారింజ రంగు గుడ్డ ఒకటి గట్టిగా కట్టండి.
- వదులుగా ఉన్న టార్పాలిన్, ఖాళీ సంచులు, ప్లాస్టిక్ కుర్చీలు కట్టేశారా? ప్రొపెల్లర్ గాలికి ఎగిరితే మీకూ నష్టం, దానికీ ప్రమాదం.
- టూరిస్టులకు ముందే చెప్పారా: విమానం కనిపించినా లేవకూడదు, ఒక పక్కకు చేరకూడదు.

ఈ చివరిది చిన్న విషయం కాదు. విమానం దగ్గరగా పోతుంటే ఇరవైమంది సెల్‌ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకు వస్తారు. విమానం తాకకుండానే బోటు ఒరుగుతుంది.

5. ఎదురైనప్పుడు: సందర్భాన్ని బట్టి వరుస

ఆకాశంలో చుట్టు తిరుగుతోంది. పైలట్ వాలేముందు చాలాసార్లు ఒక చుట్టు తిరిగి కింద పడవలు, తేలే దుంగలు ఉన్నాయా చూస్తాడు. మీకు దొరికే మంచి సమయం ఇదే.

1. గాలి దిక్కు చూడండి. వాలే గీతను మనసులో గీయండి.
2. ఆ గీతకు అడ్డంగా, దగ్గరున్న వైపుకు బయటపడండి. గీత పొడవునా పరుగెత్తవద్దు.
3. బయటపడ్డాక వేగం తగ్గించండి, అల లేవకూడదు.
4. ఒకే దిక్కున నిలకడగా ఉండండి. పైలట్ మిమ్మల్ని చూసి లెక్క వేసుకుంటున్నాడు, మీరు అటూ ఇటూ తిప్పితే ఆ లెక్క తప్పుతుంది.

వాలుతోంది లేదా లేవడానికి పరుగులో ఉంది. మీరు గీతకు బయట ఉంటే కదలకండి. గీతలోనే ఉండిపోతే అడ్డంగా, దగ్గర వైపుకు, పూర్తి ఇంజన్‌తో బయటకు రండి. ఇక్కడ ఎవరి హక్కని ఆలోచించే వేళ కాదు.

ఢీకొంటామా, లేదా? కమ్మీ పరీక్ష. విమానం నీటిమీద నెమ్మదిగా పోతూ మీ దారికి అడ్డంగా వస్తున్నప్పుడు ఇది చేయండి. బోటు తిన్నగా, ఒకే వేగంతో పోతుండాలి. టాపును నిలబెట్టిన ఇనుప కమ్మీ ఒకటి ఎంచుకుని, తల కదపకుండా విమానం ఆ కమ్మీకి ఎక్కడ కనిపిస్తోందో చూడండి. పది అంకెలు లెక్కపెట్టండి. విమానం కమ్మీకి ముందువైపు జరిగితే మీ ముందునుంచి దాటిపోతుంది. వెనక్కి జరిగితే మీ వెనకనుంచి పోతుంది. జరగకుండా అక్కడే ఉంటూ పెద్దదవుతుంటే మీరిద్దరూ ఒకే చోటికి చేరుతున్నారు. మొదటి భాగంలో చెప్పిన నియమంలోని రెండో వాక్యం వర్తించేది ఇక్కడినుంచే.

విమానం మీ కుడి పక్కనుంచి అడ్డంగా వస్తోంది. దారివ్వాల్సింది మీరు. వేగం తగ్గించండి లేదా కుడికి బాగా తిప్పి దాని వెనకనుంచి పోండి. ముందునుంచి దాటవద్దు. వెనకనుంచి పోయేటప్పుడు కూడా దూరం ఉంచండి. విమానం ఇంజన్ పెంచితే వెనక్కి కొట్టే గాలికి పుట్టి తిరగబడుతుంది. నా లెక్కలో వంద మీటర్లకు తగ్గకూడదు.

మీ ఎడమ పక్కనుంచి వస్తోంది. దారివ్వాల్సింది అది. మీరు అదే దిక్కు, అదే వేగం ఉంచాలి. అది తప్పుకోవడం లేదని తేలితే ఊరుకోకండి, ఇంజన్ తగ్గించండి లేదా కుడికి తిప్పండి. ఎడమనుంచి వచ్చేదాని కోసం ఎడమకే తిప్పకండి. అది కూడా మీకోసం తన కుడికి తిప్పితే ఇద్దరూ మళ్లీ ఎదురుపడతారు.

ముఖాముఖి. ఇద్దరూ కుడికి. ఒకరి ఎడమ పక్క ఇంకొకరికి కనిపిస్తూ దాటాలి. మన రేవుల్లో ఎవరికి ఏ ఒడ్డు దగ్గరైతే అటు తిప్పే అలవాటుంది. తెలిసిన పడవలతో అది నడుస్తుంది. పైలట్‌కు మీ అలవాటు తెలియదు.

వెనకనుంచి దాటడం. ఎవరు దాటుతుంటే వాళ్లే తప్పుకోవాలి. మీ వెనక విమానం ఉంటే దాని పని అది చూసుకుంటుంది. మీరే విమానాన్ని దాటుతుంటే బాధ్యత మీది. అసలు దాటకపోవడం మేలు, నెమ్మదిగా పోతున్న విమానం ఏ క్షణంలో పరుగు మొదలుపెడుతుందో బయటనుంచి తెలియదు.

ఇంజన్ ఆపి వెనక్కి కొట్టుకుపోతోంది. ఒక్కోసారి పైలట్ కావాలనే ఇంజన్ ఆపి గాలివాలులో వెనక్కి తేలుతూ ఒడ్డుకు చేరతాడు. ఇంజన్ పాడైనా ఇలాగే కనిపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ తప్పుకోవడం దాని చేతిలో ఉండదు, మీరే ఎడంగా ఉండండి. పిలవకుండా సాయానికి వెళ్లి తాడు వేయకండి.

6. సంకేతాలు: పైలట్‌కు ఏది అందుతుంది, ఏది అందదు

హారన్ నియమాలు పడవల మధ్య అందరికీ ఉపయోగం. ఒక పొట్టి కూత అంటే కుడికి తిప్పుతున్నాను. రెండు అంటే ఎడమకు. మూడు అంటే వెనక్కి. ఐదు పొట్టి కూతలంటే నీ ఉద్దేశం నాకు అర్థం కాలేదు, జాగ్రత్త.

పైలట్ చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి, పక్కన ఇంజన్ మోత. మీ హారన్ వినిపిస్తుందని ఆధారపడొద్దు. అతనికి అందేది మీ బోటు ముక్కు. తిప్పేటప్పుడు కొంచెం కొంచెం తిప్పితే దూరం నుంచి తెలియదు. ఒక్కసారే బాగా తిప్పండి, ముందే తిప్పండి.

చేతులు ఊపడం గురించి కూడా ఒక మాట. రెండు చేతులూ పక్కలకు చాపి నెమ్మదిగా పైకీ కిందికీ ఊపడం ప్రపంచమంతా ఆపద సంకేతం. టూరిస్టులు సరదాగా అలా ఊపితే పైలట్ మీకేదో జరిగిందనుకోవచ్చు. ఒక చేయి ఊపితే చాలని చెప్పండి.

7. పుట్టీలు, వలలు

పుట్టి తిప్పేవాళ్ల దగ్గర వేగం లేదు. ఇంజన్ బోటు ఆఖరి నిమిషంలో బయటపడొచ్చు, తెడ్డుతో సాధ్యం కాదు. విమానం వేళ తెలిసిన రోజున ఆ గీతకు దూరంగా వేట పెట్టుకోవడం ఒక్కటే దారి. వలతో చేపలు పడుతూ కదల్లేని పడవకు నియమాల్లో ఇంజన్ బోటు కంటే ముందు స్థానం ఉంది. కానీ వలకు కళ్లు లేవు, ఫ్లోటుకూ లేవు.

- వల రెండు చివర్లా జెండా కర్ర నిలబెట్టండి. నీళ్లలో తేలే చిన్న బెండ్లు పైనుంచి కనిపించవు.
- రాత్రి వేసి పొద్దున తీసే వల అయితే, మొదటి విమానం వేళకు ముందే తీసేలా చూసుకోండి.
- తెగిపోయిన వల ముక్కలు నీళ్లలో వదలకండి. ఫ్లోటు చుక్కానికి చుట్టుకుంటే విమానం అదుపు తప్పుతుంది.
- చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే అలివి వలల గురించి వేరే చెప్పాలా? అవి ఎలాగూ నిషేధం.

కొత్తనీరు వచ్చే రోజుల్లో దుంగలు, గుర్రపుడెక్క కొట్టుకొస్తాయి. సగం మునిగిన దుంగ పైలట్‌కు కనిపించదు, మీకు దగ్గరనుంచి కనిపిస్తుంది. చూస్తే జెట్టీకి ఫోన్ చేయండి. విమానానికి మీరు చేయగల పెద్ద సాయం అదే.

8. జెట్టీ దగ్గర

తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి కనిపించదు. పగటి వెలుగులో అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఇంజన్ ఆగి, ప్రొపెల్లర్ రెక్కలు కదలకుండా నిలబడి, జెట్టీ మనిషి చేయి ఊపేదాకా విమానం ముందువైపుకు పోకండి. పిలిస్తే వెనకవైపు నుంచి, పక్కగా, నెమ్మదిగా రండి. బోటు టాపు రెక్కకు తగులుతుందేమో ముందే చూసుకోండి. పల్చని రేకు అది, చిన్న గీత పడినా ఆ పూటకు విమానం ఆగిపోవచ్చు.

జెట్టీ చుట్టూ ఇంజన్ పెంచవద్దు. కట్టి ఉన్న విమానాన్ని మీ అల జెట్టీకేసి కొడుతుంది.

9. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

"అదే తప్పుకుంటుందిలే" అని అదే దారిన పోవడం. దిద్దుబాటు: కమ్మీ పరీక్ష. అది ఏమి చెబితే అది.

టూరిస్టులకు దగ్గరగా చూపించాలని వెళ్లడం. ఎక్కువ డబ్బు ఇస్తామంటారు, వీడియో కావాలంటారు. ఒడ్డు దగ్గరో, హద్దుకు బయటో బోటు ఆపి చూపించండి. అక్కడినుంచే వీడియో బాగా వస్తుంది, బోటు ఊగదు కాబట్టి. డ్రోన్ ఎగరేస్తామంటే ఒప్పుకోవద్దు.

చప్పుడు విని కంగారులో మధ్యలో ఆగిపోవడం. ఆగిన బోటు గాలికి ఎటో కొట్టుకుపోతుంది, పైలట్‌కు మీ ఉద్దేశం అందదు. గీత దాటి బయటకు వచ్చాకే ఆగండి.

రెండు బోట్లు ఒకేసారి చెరో వైపు తప్పుకోవడం. విమానానికి రెండు పక్కలా దారి మూసుకుపోతుంది. జట్టుగా పోతున్న బోట్లన్నీ ఒకే వైపుకు రావాలి. ఎటు అన్నది ముందున్న బోటు తేల్చాలి, మిగతావాళ్లు దాన్ని అనుసరించాలి.

వెళ్లిపోయిందని వెంటనే గీతలోకి రావడం. లేచిన విమానం మళ్లీ తిరిగి రావచ్చు. వాలబోయిన విమానం మనసు మార్చుకుని పైకి లేచి ఇంకో చుట్టు తిరగవచ్చు. కనుమరుగయ్యేదాకా ఆగండి.

10. మసక వెలుతురు, పొగమంచు

మన రిజర్వాయర్లలో చీకటి పడ్డాక టూరిస్టు బోటు నడపకూడదు, సీప్లేన్ కూడా సాధారణంగా పగటి వెలుతురులోనే తిరుగుతుంది. సాయంత్రం ఆలస్యమైతే ఒకటి గుర్తుంచుకోండి: విమానానికైనా పడవకైనా ఎడమ పక్క ఎర్ర లైటు, కుడి పక్క ఆకుపచ్చ లైటు. మీ కుడి పక్కన ఎర్ర లైటు కనిపిస్తే అది మీ దారికి అడ్డంగా పోతోంది, దారివ్వాల్సింది మీరు. డిసెంబరు, జనవరి పొద్దుల్లో మంచు కమ్మితే రేవు వదలకండి, అంతకంటే చెప్పేదేమీ లేదు.

11. ప్రమాదం జరిగితే

ఫ్లోట్లున్న విమానం దెబ్బతింటే ఎక్కువసార్లు తలకిందులై తేలుతుంది. లోపలివాళ్లు నీటి అడుగున తలుపు వెతుక్కుంటూ ఉంటారు.

1. 112కు, జెట్టీకి ఫోన్ చేయించండి. మీరు బోటు వదలకండి.
2. ప్రొపెల్లర్ ఆగిందని చూసుకున్నాకే, తోకవైపు నుంచి దగ్గరకు వెళ్లండి.
3. ఇంధనం నీటిపైన తేలుతుంది. బీడీ, అగ్గిపుల్ల, ఇంజన్ సైలెన్సర్ వేడి అన్నీ ప్రమాదమే. ఇంధనం పారే వైపు నుంచి కాకుండా రండి, దగ్గరకు రాగానే ఇంజన్ ఆపి తెడ్డు వాడండి.
4. బయటపడిన మనుషులను ముందు ఎక్కించుకోండి, ఒకే పక్కనుంచి అందరినీ లాగకండి.
5. విమానానికి తాడు కట్టి లాగవద్దు. లోపల ఇంకా ఎవరైనా ఉండొచ్చు, లాగితే మునగొచ్చు.

12. సర్వీసు మొదలయ్యేముందు మీటింగులో అడగాల్సినవి

- విమానం వాలే గీత ఎక్కడ, గాలి మారితే ఎక్కడికి మారుతుంది? మ్యాపు మీద కాకుండా నీళ్లమీద తీసుకెళ్లి చూపించమనండి.
- ఎన్ని నిమిషాల ముందు మాకు చెబుతారు, ఎవరు చెబుతారు? ఫోన్ సిగ్నల్ లేనిచోట ఏం చేస్తారు? సైరనా, జెండానా?
- మట్టం దిగినప్పుడు పాత పాయలో ఎవరి వేళలు ఎప్పుడు?
- వేటకు వెళ్లే వేళల్లో కోత పడితే ఏం చేయాలి? వల తెగితే ఎవరికి చెప్పాలి, డబ్బు ఎవరిస్తారు?
- హద్దు బోయా కొట్టుకుపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

ఈ మీటింగుకు బోటు ఓనర్లనే పిలుస్తారు. స్టీరింగ్ పట్టుకునే మనిషి వెళ్లాలి, పుట్టీలవాళ్ల సొసైటీ నుంచి కూడా ఒకరు ఉండాలి. ఒప్పుకున్న విషయాలు తెలుగులో రాయించుకుని సంతకం పెట్టించండి. ఆ కాగితం నకలు రేవులో టికెట్ కౌంటర్ పక్కన అతికించండి.